ఒడియా బడి నుంచి మా పాపని మార్చాలా? ఇచ్ఛాపురం, కవిటి వైపు వాళ్లు చెప్పండి

బాహుదా ఒడ్డు
ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఇప్పుడు పని పడింది కాబట్టి రాస్తున్నాను, ఏమనుకోకండి.

మాది ఇచ్ఛాపురం పక్క పల్లె. ఇంట్లో ఒడియా, గుమ్మం దాటితే తెలుగు. ఎప్పుడు ఏది మాట్లాడుతున్నామో మాకే తెలియదు. కొబ్బరికాయల బేరం తెలుగులో మొదలవుతుంది, కోపం వచ్చేసరికి ఒడియాలోకి దిగిపోతుంది.

పాప మూడో తరగతి. ఊళ్లో సర్కారు ఒడియా మీడియం బడి. నేనూ అందులోనే చదివాను. అప్పట్లో అరవై మందికి పైనే ఉండేవాళ్లం, వరండాలో కూడా కూర్చునేవాళ్లం. ఇప్పుడు మొత్తం ఐదు తరగతులకీ కలిపి పదకొండు మంది, ఒకే టీచరు. ఆయన మంచివాడే. కానీ మీటింగని మండలానికి వెళ్తే ఆ రోజు బడి లేనట్టే. పుస్తకాలు కూడా తెలుగు మీడియం వాళ్లకి వచ్చాక ఎప్పటికో వస్తాయి.

మా తమ్ముడు పిల్లలిద్దరూ టౌన్లో ఇంగ్లీషు మీడియానికి వ్యాన్లో వెళ్తున్నారు. పాప రోజూ ఆ వ్యాన్ వంక చూస్తోంది. జూన్‌లో మార్చేద్దామని నా ఉద్దేశం. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఇలాంటి పరిస్థితిలో మీలో ఎవరైనా ఏం చేశారు?

పలాస జీడిపిక్క
ఆదివారం, రాత్రి 9.58

మార్చేయండి అన్నా. ఆలోచించేదేముంది? ఐదో తరగతి అయ్యాక హైస్కూలు, ఆ తర్వాత ఇంటర్. అక్కడ ఒడియా మీడియం ఎక్కడ దొరుకుతుంది మనకి? ఎలాగూ ఒకరోజు మారాల్సిందే. పెద్దయ్యాక మారితే మరీ కష్టం. మా క్లాసులో కంచిలి వైపు నుంచి ఒకడు ఆరో తరగతిలో వచ్చి చేరాడు. లెక్కల్లో మా అందరికంటే చురుకు. కానీ సోషల్ పుస్తకం తెరిస్తే బిక్కమొహం వేసేవాడు. ఏడాది పోయింది వాడికి.

టెక్కలి మాస్టారు
ఆదివారం, రాత్రి 10.31

బాబూ, నేను ముప్ఫై ఒక్కేళ్లు ఈ జిల్లాలోనే ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి రిటైరయ్యాను. అందులో నాలుగేళ్లు సోంపేట వైపు. ముందు రూలేమిటో చెబుతాను, మంచిచెడ్డలు తర్వాత.

రాజ్యాంగంలో 350ఎ అని ఒక అధికరణం ఉంది. 1956లో ఏడో సవరణతో చేర్చారు. ప్రాథమిక స్థాయిలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకి వాళ్ల మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అందులో ఉంది. 'ప్రయత్నించాలి' అనే మాట గమనించండి, కథంతా అక్కడే ఉంది. 350బి కింద భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేక అధికారిని కూడా పెట్టారు.

అంతకుముందే, 1949లో, రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని ఒక లెక్క అనుకున్నారు. ఒక తరగతిలో 10 మంది గానీ, బడి మొత్తం మీద 40 మంది గానీ ఆ భాష పిల్లలుంటే ఆ భాషలో చెప్పే టీచర్ని ఇవ్వాలని. మీ బడిలో పదకొండు మంది అంటున్నారు. ఆ లెక్క ప్రకారం మీ బడి నిలిచి ఉండటమే గొప్ప.

ఇంకొకటి. మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలో ఒడియాని ప్రథమ భాషగా రాసుకోవచ్చు. టెట్‌లో కూడా ఒడియా ఉంది. దారి లేదనడం తప్పు. దారి ఉంది, మనుషులు నడవక గడ్డి మొలిచింది. అసలు సంగతి రేపు రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

విజీనారం కుర్రాడు
సోమవారం, ఉదయం 7.15

మీది ఒడియా సమస్య. మాది తెలుగే, అయినా అదే సమస్య.

నేను ఇంజినీరింగుకి బయటి జిల్లాకి వెళ్లాను. మొదటి రోజు క్యాంటీన్లో "ఏటి తింతావు?" అని పక్కవాణ్ని అడిగాను. టేబుల్ మొత్తం నవ్వింది. ఆ తర్వాత నాలుగేళ్లు నా పేరు 'ఏటి'. "బేగి రా" అన్నా నవ్వే, "గుంటడు" అన్నా నవ్వే. సినిమాల్లో మన యాస వచ్చిందంటే వాడు పనివాడో, జోకరో అయి ఉంటాడు కదా, అక్కడ నేర్చుకున్నారు వాళ్లు.

రెండో ఏడాదికి నేను కూడా 'ఏంటి' అనడం మొదలెట్టాను. పండక్కి ఇంటికి వస్తే మా నాయనమ్మ నా వంక చూసి "ఏటిరా, టీవీలో మనిషిలా మాటాడతన్నావు?" అంది. అటు వాళ్లకి నేను పల్లెటూరివాణ్ని, ఇటు వాళ్లకి టీవీ మనిషిని.

కాబట్టి బడి మార్చినంత మాత్రాన పాపకి ఇబ్బంది తప్పుతుందనుకోవద్దు. తెలుగు మీడియంలో కూడా పుస్తకంలో సొరకాయ అని ఉంటుంది, ఇంట్లో ఆనపకాయ అంటారు. ఒకటో తరగతిలో నేను ఆ బొమ్మ చూసి ఆనపకాయ అని చెబితే టీచరు తప్పు పెట్టింది. ఆవిడ ఇంట్లో కూడా ఆనపకాయ అనే అంటారు!

రాజాం రోడ్డు
సోమవారం, ఉదయం 8.50

సూటిగా చెప్తాను, ఎవరూ బాధపడొద్దు. ఆంధ్రాలో ఉన్నాక తెలుగు నేర్చుకోవాలి. పదకొండు మంది పిల్లల కోసం ఒక బడి, ఒక టీచరు, వేరే పుస్తకాల అచ్చు. ఎవరి డబ్బది? తెలుగు బడులే పిల్లల్లేక పక్క బడుల్లో కలిపేస్తున్నారు. ఒడియా కావాలంటే బరంపురం పాతిక కిలోమీటర్లే కదా, అక్కడ చదివించుకోండి.

పర్లాకిమిడి కోడలు
సోమవారం, మధ్యాహ్నం 1.20

రాజాం అన్నయ్యా, ఇదే మాట నాకు అటువైపు చెప్పారు. "తెలుగు కావాలంటే పాతపట్నం పక్కనే కదా, వెళ్లి చదివించుకోండి" అని.

మా పుట్టిల్లు పాతపట్నం. నడిచి వెళ్లేంత దూరంలో పర్లాకిమిడి, అక్కడికి కోడలిగా వెళ్లాను. మా అత్తవారిదీ తెలుగిల్లే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గీత ఇటు పడి ఉంటే మా అత్తవారు ఆంధ్రావాళ్లయ్యేవారు. మా మావయ్యగారి తండ్రి నిద్రపోయి లేచేసరికి రాష్ట్రం మారిందని ఇంట్లో హాస్యానికి అంటారు. ఏటా ఏప్రిల్ 1న ఊళ్లో ఉత్కళ దినోత్సవం చేస్తారు, పిల్లలు జెండాలు పట్టుకుని వెళ్తారు. నాకేమీ బాధ లేదు, మిఠాయిలు పంచితే తింటాను. మా మావయ్యగారు మాత్రం ఆ రోజు తలుపేసుకుని పడుకుంటారు.

మా అబ్బాయికి ఇరవై రెండు. తెలుగు గలగలా మాట్లాడతాడు, తెలుగు సినిమా వస్తే మొదటి ఆట చూస్తాడు. కానీ తెలుగులో 'అ' రాదు. నేను ఫోన్లో తెలుగులో మెసేజ్ పెడితే "అమ్మా, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టు" అంటాడు. మా అమ్మ చనిపోయే ముందు వాడికి ఒక ఉత్తరం రాసింది. అది నేనే చదివి వినిపించాను. వినిపిస్తూ రెండు మాటలు మార్చాను కూడా, మా ఆయన గురించి ఏదో రాసింది. వాడికి ఇప్పటికీ తెలియదు.

అక్కడ తెలుగు బడిలో వేద్దామంటే "ఇక్కడ ఉద్యోగాలు ఎలా వస్తాయి?" అని అందరూ భయపెట్టారు. మేమూ భయపడ్డాం. పిల్లలు తగ్గారు. పిల్లలు తగ్గారని ఇంకా తగ్గారు. కాబట్టి డబ్బు లెక్క ఒక్కటే చూడకండి.

రాజాం రోడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1.44

అప్పా, మీరు చెప్పింది కాదనను. కానీ మీది పట్నం, వేల కుటుంబాలు. ఇక్కడ పదకొండు మంది. రెండూ ఒకటెలా అవుతాయి? ఇప్పుడు ఇచ్ఛాపురంలో ఒడియా అంటారు, రేపు సరిహద్దులోని కొటియా ఊళ్లు మావంటారు.

నిర్వాహకుడు
సోమవారం, మధ్యాహ్నం 2.05

కొటియా గురించి వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ పాప చదువు గురించి.

సాలూరు సంత
సోమవారం, మధ్యాహ్నం 2.30

నిర్వాహకుడు గారూ, ఒక్క మాట రాసి వెళ్లిపోతాను. ఆ 21 గ్రామాల కోసం రెండు రాష్ట్రాలూ 1968 నుంచి కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. అక్కడివాళ్లలో చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. ఒకరు తెలుగు బోర్డు పెడితే ఇంకొకరు ఒడియా బోర్డు పెడతారు. సంతకి దిగివచ్చే ముసలమ్మలు తమలో తాము మాట్లాడుకునేది కువి అనే గిరిజన భాష. కువి బోర్డు మాత్రం ఎవరూ పెట్టలేదు. అయిపోయింది, ఇక రాయను.

కొండ బడి
సోమవారం, సాయంత్రం 6.10

పై మాట చదివాక నేను కూడా రాయాలనిపించింది. మెళియాపుట్టి కొండల మీద సవర పిల్లలకి కొన్నేళ్లు పాఠాలు చెప్పాను. నేను సవర కాదు, తెలుగు. చేరినప్పుడు ఒక్క ముక్క రాదు.

మొదటి నెల లెక్కలు చెబుతుంటే ఒక పిల్ల పదమూడు దగ్గర ఆగిపోయేది. పన్నెండు వరకు చకచకా. పదమూడు అనగానే వేళ్లు చూసుకునేది. మొద్దు అనుకున్నాను, రాయడానికి సిగ్గుగా ఉంది. తర్వాత వాళ్ల తాతని అడిగితే తెలిసింది. సవరలో పన్నెండు వరకు లెక్క, ఆ పైన పన్నెండు-ఒకటి, పన్నెండు-రెండు, అలా పన్నెండు-ఏడు దాకా. పంతొమ్మిది అయ్యాక ఇరవై. అక్కణ్నుంచి ఇరవై-ఒకటి, ఇరవై-రెండు. ముప్ఫై మూడంటే ఇరవై-పన్నెండు-ఒకటి. మనం 'పది-మూడు' అని మూట కట్టిన చోట ఆ పిల్ల 'పన్నెండు-ఒకటి' అని కడుతోంది. ఆ పిల్ల బుర్రలో రెండు లెక్కలు నడుస్తున్నాయి, నా బుర్రలో ఒకటే. మరి మొద్దు ఎవరు?

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ఒకటో తరగతి నుంచి పాఠాలు మొదలెట్టారు. సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా మన వైపువి. కోయ, గోండి, కొలామి, బంజారా మిగతావి. సవర పుస్తకం తెలుగు లిపిలో వచ్చింది. కొండకి అవతల, ఒడిశా వైపు అదే సవరని ఒడియా లిపిలో రాస్తారు. చర్చికి వెళ్లేవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. 1936లో మంగెయ్ గొమాంగో అనే ఆయన సవరకి సొంత లిపి, సొరంగ్ సొంపెంగ్ అని, తయారు చేశారు. అంటే ఒకే భాషకి నాలుగు లిపులు. అక్కాచెల్లెళ్లు కొండకి అటూ ఇటూ కాపురాలకి వెళ్తే ఒకరి పిల్లలు రాసింది ఇంకొకరి పిల్లలు చదవలేరు.

గిడుగు రామమూర్తి గారిని మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని తలుచుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉండగా సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. సవరలో నీళ్లని 'డాఆ' అంటారు, మధ్యలో గొంతు టక్కున ఆగుతుంది. ఆ ఆగడానికి తెలుగులో అక్షరం లేదు. ఆయన దానికీ ఒక గుర్తు పెట్టుకున్నారు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపొద్దని పోట్లాడిందీ, కలిపాక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయిందీ ఈయనే. తన భాష కోసం ఊరు వదులుకున్నవాడు ఇంకొకరి భాష కోసం ముప్ఫై ఏళ్లకి పైగా కూర్చున్నాడు. సభల్లో మొదటి సగమే చెబుతారు.

బాహుదా అన్నా, మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం చూశాను. సొంత మాటలో మొదట చదవడం వచ్చిన పిల్లలు తెలుగుకి మారాక తడబడ్డారు గానీ బడి మానలేదు. ఏదీ సరిగా చదవడం రాకుండా పైకి నెట్టిన పిల్లలే మానేశారు.

పలాస జీడిపిక్క
సోమవారం, సాయంత్రం 6.32

పదమూడు సంగతి అదిరింది మేడమ్. మా కొట్లో పిక్కలు కొలిచే పెద్దాయన ఇప్పటికీ ఇరవైల్లోనే లెక్కపెడతాడు. "ఎన్నయ్యాయి తాతా?" అంటే "మూడిరవైలు మీద ఏడు" అంటాడు. తెలుగువాడే.

నాగావళి
సోమవారం, రాత్రి 8.15

నేనొక ఆఫీసులో పేర్లు ఎక్కించే పని చేస్తాను. భాష గురించి పెద్ద సిద్ధాంతాలు తెలియవు, పేర్ల బాధ తెలుసు.

ఒడియాలో అక్షరం చివర 'ఒ' లా పలుకుతుంది. తెలుగులో 'జగన్నాథ' అని ఉన్నది వాళ్ల నోట 'జొగొన్నాథొ'. ఒక కుటుంబంలో తండ్రి ఆధార్లో ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా, కొడుకు టీసీలో ఇంకోలా ఉంటాడు. మూడు చోట్లా రాసినవాళ్లు విన్నదే రాశారు, ఎవరూ తప్పు చేయలేదు. సర్టిఫికెట్ మాత్రం ఆగిపోతుంది. కౌంటర్ దగ్గర పెద్దవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి "బాబూ, అది నేనే" అని చెప్పుకోవడం రోజూ చూస్తాను.

జనాభా లెక్కలప్పుడు ఇంకో తమాషా. మాతృభాష ఏమిటని అడిగితే కొందరు ఒడియా వాళ్లు తెలుగు అని చెప్పేస్తారు. ఎందుకని అడిగితే, "ఒడియా అంటే మమ్మల్ని అటు పంపేస్తారేమో" అన్నది ఒకావిడ. పదివేల మంది కంటే తక్కువ మాట్లాడే భాషల పేర్లయితే ఆ పట్టికల్లో విడిగా కనబడవు. ఒడియాకి ఆ భయం లేదు, కోట్ల మంది ఉన్నారు. కానీ ఈ మండలంలో ఎంతమందో ఎలా తెలుస్తుంది, చెప్పేవాళ్లే దాస్తుంటే?

మావాళ్లలోనే ఒక పెళ్లి కబురు. పెళ్లికూతురు ఒడియా, పెళ్లికొడుకు తెలుగు. పెళ్లికొడుకు ముద్దుపేరు నాని. అటువాళ్లకి నాని అంటే అక్క. భోజనాల దగ్గర "నాని ఎక్కడ?" అని తెలుగువాళ్లు అడిగితే పెళ్లికూతురి పెద్దక్కని తెచ్చి కూర్చోబెట్టారు. మన వైపు అక్కని అప్ప అంటాం, వాళ్లు అపా అంటారు. ఎవరు ఎవరికిచ్చారో నాకు తెలియదు, తిరిగి అడిగినవాళ్లయితే లేరు.

బాహుదా ఒడ్డు
సోమవారం, రాత్రి 9.50

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. అందరికీ దండాలు.

ఒకటి సరిగా చెప్పలేదు. ఇంట్లో ఒప్పుకోవడం లేదని రాశాను కదా, మీరంతా మా అమ్మ అనుకుని ఉంటారు. మా అమ్మ కాదు. అమ్మ "ఏ వ్యాన్ వస్తే ఆ వ్యాన్ ఎక్కించు" అంటుంది. అడ్డం పడుతున్నది మా ఆవిడ. ఆవిడ పుట్టిల్లు నరసన్నపేట, అసలు సిసలు తెలుగు. పెళ్లయి వచ్చిన కొత్తలో మా ఇంట్లో అందరూ ఒడియాలో మాట్లాడుకుంటుంటే వంటగదిలో కూర్చుని ఏడ్చేదట. తనని తిడుతున్నామనుకుందట. ఇప్పుడు మా వీధిలో ఒడియాలో ఆవిడతో పోట్లాడి గెలిచినవాళ్లు లేరు.

నిన్న నేను గట్టిగా అడిగితే ఇలా అంది. "నాకు ఒడియా చెవిలోకి వచ్చింది గానీ కంట్లోకి రాలేదు. అత్తయ్య సాయంత్రం భాగవతం చదువుతుంటే వింటాను, ఆవిడ కళ్లజోడు విరిగిన పది రోజులూ ఆ పుస్తకం మూసే ఉంది. ఇంట్లో చదవగలిగింది మీరూ, ఆవిడా, ఇదీ. మీరు చదవరు. దీన్ని కూడా మానిపిస్తే ఆ బీరువాలో పుస్తకాలు ఎవరికి?"

నాకు కోపం వచ్చింది. బీరువా కోసం పిల్ల చదువు పాడుచేస్తామా అన్నాను. పర్లాకిమిడి అప్ప రాసిన ఉత్తరం సంగతి చదివాక ఆ మాట అని ఉండకూడదనిపించింది. అలాగని నిర్ణయం మారిందా అంటే, అదీ లేదు.

రాజాం రోడ్డు
సోమవారం, రాత్రి 10.12

బావా, మీ ఆవిడకి నా నమస్కారం చెప్పు. నా మాట మాత్రం వెనక్కి తీసుకోను. పదకొండు మందికి ఒక బడి నడవదు, నడిచినా ఒక్క టీచరుతో అది బడి కాదు. పిల్లని మార్చండి, భాషని ఇంట్లో చూసుకోండి. ఎవరి భాష అయినా సర్కారు మోయలేదు, తెలుగునే మోయలేకపోతోంది. 2019లో అన్నీ ఇంగ్లీషు మీడియం అన్నారు, మరుసటి ఏడు ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు పుస్తకాలు వచ్చాయి. మా అబ్బాయి ఏ పేజీ చదవాలో తెలియక బొమ్మలు చూస్తున్నాడు.

విజీనారం కుర్రాడు
సోమవారం, రాత్రి 10.20

ఆ బొమ్మల్లో ఆనపకాయ ఉందేమో చూడండి అన్నయ్యా.

టెక్కలి మాస్టారు
మంగళవారం, ఉదయం 6.05

నిన్న బాకీ పడిన మాట ఇప్పుడు రాస్తాను.

బాహుదా బాబూ, మీరు అడగాల్సిన ప్రశ్న ఏ మీడియం అని కాదు. మీ పాపకి ఇప్పుడు చదవడం వచ్చా అని. ఒడియా పుస్తకం తీసి, తను ఇంతకుముందు చూడని పేజీ తెరిచి చదవమనండి. తర్వాత ఏం చదివావో తన మాటల్లో చెప్పమనండి. గడగడా చదివి అర్థం చెప్పగలిగితే ఆ పిల్ల ఏ బడికి వెళ్లినా నిలబడుతుంది. ఒక లిపిలో చదవడం పట్టుబడ్డ పిల్లకి రెండో లిపి ఆరు నెలల పని. పైగా ఈ రెండు లిపులూ తాటాకు మీద గంటంతో పుట్టిన గుండ్రటి అక్షరాలు. ఒడియాకి తలమీద గొడుగు, తెలుగుకి తలకట్టు. పిల్లలకి ఇట్టే దొరుకుతుంది. చదవడమే పూర్తిగా రాకపోతే మాత్రం ఇప్పుడు మార్చవద్దు. పునాది తడిగా ఉండగా గోడ లేపినట్టవుతుంది.

ఇక రాజాం బాబు అన్న 'భాషని ఇంట్లో చూసుకోండి' అనే మాట. ఇందులో సగమే నిజం. మాట ఇంట్లో ఉంటుంది, దానికి బడి అక్కర్లేదు. మీ ఊళ్లో ఒడియా మాట వందేళ్లయినా ఎక్కడికీ పోదు. పోయేది రాత. నేను సోంపేట వైపు పనిచేసిన ఊళ్లలో ఒకదాంట్లో ఒడియా బడి మూతపడి అప్పటికి ఇరవై ఏళ్లు. వీధి వీధంతా ఒడియా మాట్లాడుతున్నారు. రథయాత్ర పిలుపు కాగితం ఒడియాలో వస్తే చదివినవాళ్లు ఇద్దరే ముసలివాళ్లు. మిగతావాళ్లు చుట్టూ నిలబడి విన్నారు. బడి పోయాక ఏం పోతుందో నాకు అప్పుడు తెలిసింది, అది కూడా నా కళ్లతో చూశాను కాబట్టి. టీచరుగా ఉన్నన్నాళ్లూ నేను కూడా సంఖ్యలే పైకి పంపాను.

మరి భారం మాటేమిటి? అది కూడా నిజమే. మీ పాప ఆరో తరగతికి వచ్చేసరికి ఒడియా, తెలుగు, ఇంగ్లీషు, హిందీ. నాలుగు లిపులు. నరసన్నపేట పిల్లకి మూడే. ఆ నాలుగోది ఎవరి ఖర్చుతో నేర్చుకుంటోంది? పిల్ల ఖర్చుతో. దీనికి ఏ పుస్తకంలోనూ నాకు సమాధానం దొరకలేదు.

పరీక్షల గురించి భయపడేవాళ్లకి ఒకటి. నీట్ 13 భాషల్లో పెడుతున్నారు, అందులో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది. రాసేవాళ్లు ఎందరన్నది వేరే సంగతి.

పర్లాకిమిడి కోడలు
మంగళవారం, ఉదయం 9.30

మాస్టారూ, మీరు చెప్పిన ఆ ఇద్దరు ముసలివాళ్లలాగే మా వీధిలో తెలుగు పెళ్లిపత్రిక వస్తే నా దగ్గరికే తెస్తారు. చదివినందుకు ఒక లడ్డూ ఇస్తారు. నాకు షుగరు.

బాహుదా ఒడ్డు
శుక్రవారం, రాత్రి 8.40

మాస్టారు చెప్పినట్టే చేశాను. బుధవారం సాయంత్రం బీరువాలోంచి నా పాత పుస్తకం ఒకటి తీసి పాపకిచ్చాను. చదివింది. రెండు చోట్ల ఆగింది, జోడక్షరాల దగ్గర. తర్వాత కథ చెప్పమంటే చెప్పింది. చెప్పడం మాత్రం సగం ఒడియాలో, సగం తెలుగులో, వాళ్ల అమ్మకి అర్థమవ్వాలని అటు తిరిగినప్పుడల్లా తెలుగులో. మధ్యలో నన్ను ఒక మాట చదవమంది. నాకు వెంటనే రాలేదు. పద్దెనిమిదేళ్లయింది నేను ఒడియా చదివి. పిల్ల నవ్వింది.

బడికి కూడా వెళ్లాను. ఆ టీచరుతో మాట్లాడాను. ఆయనకి ఇంకా మూడేళ్ల సర్వీసు ఉందట. "మీ పాప వెళ్తే పదిమంది. తర్వాత నన్ను వేరే బడికి పంపుతారు, నాకు ఇబ్బంది లేదు, నాకు దగ్గరే అవుతుంది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నా మొహం చూడలేదు.

మా ఆవిడా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. నాలుగో తరగతి కూడా ఇక్కడే. సాయంత్రాలు మా ఆవిడ తెలుగు నేర్పుతుంది, అక్షరాలు ఇప్పటికే సగం వచ్చు. ఐదో తరగతికి టౌన్. తమ్ముడు పిచ్చోడివా అన్నాడు. కావచ్చు. పాప వ్యాన్ కోసం ఏడ్చింది, ఆ ఏడుపు ఇంకా అవలేదు.

ఒక సాయం కావాలి. నాలుగో తరగతి ఒడియా పుస్తకాలు మాకు ఎప్పుడొస్తాయో తెలియదు. పాతవైనా పర్లేదు, ఒడిశా బడులవైనా పర్లేదు, చదువుకోవడానికి. ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

రాజాం రోడ్డు
శుక్రవారం, రాత్రి 9.02

పుస్తకాలు నా దగ్గర లేవు. జిరాక్స్ ఖర్చు ఎంతైతే అంత నేను ఇస్తాను. నా అభిప్రాయం మారలేదు.

బరంపురం బస్సు
శుక్రవారం, రాత్రి 9.25

అన్నా, మేం బరంపురంలో ఉంటున్న తెలుగువాళ్లం. ఈ చర్చ మొదట్నించీ చదువుతున్నాను. మా అబ్బాయి ఇక్కడే ఐదు చదువుతున్నాడు, వాడి నాలుగో తరగతి ఒడియా సాహిత్యం పుస్తకం, లెక్కల పుస్తకం ఉన్నాయి. అట్టలు ఊడాయి, లోపల బాగానే ఉంది. లెక్కల పుస్తకంలో జవాబులు పెన్నుతో రాసేశాడు, అవి చెరపలేను.

ఆదివారం ఇచ్ఛాపురంలో మాకు పనుంది. పదకొండింటికి బస్టాండు దగ్గర ఉంటాను. మీ దగ్గర తెలుగు ఒకటో తరగతి వాచకం పాతది ఉంటే తెస్తారా? వీడికి 'అ ఆ'లు మొదలెట్టాలి.